ఒక్క నెత్తుటి బొట్టు, నాలుగు రిజిస్టర్లు

వానలు పడి గెడ్డలు నిండాయంటే అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో జ్వరాల కాలం వచ్చినట్టే. ఆశా కార్యకర్త వేలి కొస పొడిచి తీసిన నెత్తుటి బొట్టు మలేరియా కిట్టు మీద పడుతుంది. ఇంకో నెలలో ఇంకో పథకం వాళ్లు వచ్చి అదే వేలు పొడిచి హిమోగ్లోబిన్ చూస్తారు. మరోసారి సికిల్ సెల్ శిబిరం పెడతారు. నాలుగో పరీక్ష జీ6పీడీ అనే ఎంజైముది. మలేరియా మాత్ర ఒంటికి పడుతుందో లేదో చెప్పేది అదే అయినా, పల్లె దాకా వచ్చేది చాలా అరుదు. ఒక్కో పరీక్షకు ఒక్కో రిజిస్టరు, ఒక్కో రిజిస్టరుకు ఒక్కో పై అధికారి.

మన్యం జబ్బుల మీద 100 ఏళ్లకు పైగా పరిశోధన సాగింది. అది తక్కువదీ కాదు, నాసిదీ కాదు. కానీ ఒక్కో జబ్బు చుట్టూ కంచె వేసుకుని సాగింది. అందుకే ఒక్కో జబ్బు గురించి మనకు తెలిసింది చాలా ఉన్నా, అవన్నీ ఒకే ఒంట్లో కలిసి ఉన్నప్పుడు ఏం జరుగుతుందో తెలిసింది కొంచెమే. ఇవాళ వైద్యులు, పోషకాహార నిపుణులు, ప్రజారోగ్య కార్యకర్తలు వాదించుకుంటున్న ప్రశ్నల్లో ముఖ్యమైనవి ఆ కంచెల దగ్గరే పుట్టాయి. ఆ వాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూడడమే ఇక్కడి పని.

జయపురం కొండల నుంచి దుర్గమ పల్లెల దాకా

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో చూసింది 1897 ఆగస్టు 20న. ఆ తర్వాత రెండు దశాబ్దాలు తిరగకముందే పరిశోధన మన్యం ఎక్కింది. 1914లో పెర్రీ అనే పరిశోధకుడు జయపురం కొండల్లో పాతుకుపోయిన మలేరియా మీద అధ్యయనం ప్రచురించాడు. అప్పటికి జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్-వైట్ అవే కొండల్లో దోమల్ని జాతుల వారీగా వేరుచేసి, జ్వరాన్ని మోసేది ఏవో తేల్చే పనిలో పడ్డాడు. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్, మినిమస్, వరుణ అనే మూడు పేర్లు అలా స్థిరపడ్డాయి. మురుగుగుంటల్లో పుట్టే దోమలు కావివి. మెల్లగా పారే గెడ్డల అంచుల్లో, కొండవాలు వరిమళ్ల ఊటనీళ్లలో పెరుగుతాయి. రైల్వేకి ఈ విషయం ఎందుకు కావలసివచ్చిందో దాచాల్సిన పని లేదు. రాయపూర్-విజయనగరం లైను ఈ కొండల మీదుగానే పడింది, కూలీలూ ఉద్యోగులూ జ్వరాలతో పడిపోయారు. మన్యంలో వైద్య పరిశోధన తొలి అడుగుల్లో కొన్ని రైలు పట్టాల వెంబడి పడ్డాయి. పోడు కొట్టుకునే ఇంటి పిల్లవాడి జ్వరం అప్పటికి ఎవరి లెక్కలోనూ లేదు.

1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు జయపురం అటు పోయింది, అరకు ఇటు మిగిలింది. ఆ గీత పరిశోధనను కూడా చీల్చింది. తర్వాతి దశాబ్దాల్లో పుదుచ్చేరి కీటకవాహక నియంత్రణ పరిశోధన కేంద్రం తన క్షేత్ర కేంద్రాన్ని కోరాపుట్‌లో పెట్టుకుంది, భువనేశ్వర్‌లో భారత వైద్య పరిశోధన మండలి వారి ప్రాంతీయ కేంద్రం వచ్చింది. దాంతో ఈ కొండల దోమల గురించి, మందుల గురించి అచ్చయిన క్షేత్ర అధ్యయనాల్లో చాలావరకు గీతకు అవతల జరిగినవే. ఇటువైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర, జన్యుశాస్త్ర విభాగాలు బగత, వాల్మీకి, కొండదొర, పోర్జ, గదబ తెగల రక్తలక్షణాల మీద పనిచేశాయి. అటు దోమ, ఇటు జన్యువు. రెండూ ఒకే కొండకు చెందినవే అయినా ఒకే అధ్యయనంలో కలుసుకున్నది తక్కువ.

డీడీటీ కాలం కథ దేశమంతటా ఒకటే. స్వాతంత్ర్యం వచ్చిననాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1960ల మొదట్లో కేసులు లక్ష లోపుకు దిగాయి. 1976 నాటికి మళ్లీ 64 లక్షలు దాటాయి. మినిమస్ దోమ తూర్పు-మధ్య భారతంలో మాయమైందనుకున్నారు. ఈ శతాబ్దం మొదట్లో సింగ్‌భూమ్ కొండల్లో అది మళ్లీ కనబడింది. ఈ ఓటమి నుంచి రెండు పక్షాలు పుట్టాయి. గోడల మీద మందు చల్లడం, దోమతెరలు పంచడం మీదే బలగం పెట్టాలని ఒక పక్షం. ఒంట్లో క్రిమిని వెతికి చంపకుండా దోమ వెంట పడి లాభం లేదని రెండోది.

రెండో పక్షానికి పెద్ద బలం ఒడిశా 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమం నుంచి వచ్చింది. దారిలేని పల్లెల్లో జ్వరం ఉన్నా లేకున్నా అందరి రక్తం పరీక్షించి, క్రిమి కనబడిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వడం దాని పద్ధతి. ఆ రాష్ట్రంలో 2016లో దాదాపు 4.4 లక్షలున్న మలేరియా కేసులు 2018కి 66 వేల దగ్గరకు వచ్చాయి. ఇంత పెద్ద తగ్గుదల అంతా దమన్ వల్లే అనడం తొందరపాటు. సరిగ్గా అదే కాలంలో ఎక్కువ కాలం పనిచేసే దోమతెరలు కూడా పెద్దఎత్తున పంచారు. ఏది ఎంత పనిచేసిందో విడదీసే అధ్యయనం ముందే అమర్చుకోలేదు కాబట్టి రెండు పక్షాలూ ఆ విజయాన్ని తమ ఖాతాలో వేసుకుంటున్నాయి.

చావుల లెక్క దగ్గర తెగిన దారం

2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం మలేరియా రంగాన్ని కుదిపింది. 2001 నుంచి 2003 దాకా దేశంలో జరిగిన మరణాల గురించి ఇళ్లకు వెళ్లి అడిగి, ఆ కథనాలను వైద్యులు చదివి కారణం తేల్చారు. దాన్నిబట్టి 70 ఏళ్ల లోపువారిలో ఏటా 2,05,000 మంది మలేరియాతో పోతున్నారని అంచనా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క అప్పటికి 15,000. ఆ మరణాల్లో 90 శాతం పల్లెల్లోవి, 86 శాతం ఏ ఆసుపత్రి గడపా తొక్కనివి. రాష్ట్రాల్లో ఒడిశా అన్నిటికంటే పైన ఉంది.

ఇంటివాళ్ల నోటిమాట మీద ఆధారపడి మలేరియాను టైఫాయిడ్ నుంచి, మెదడువాపు నుంచి వేరుచేయలేమని విమర్శకులు అన్నారు. ఆసుపత్రికే రాని చావును ఆసుపత్రి లెక్క ఎలా పట్టుకుంటుందని సమర్థకులు అడిగారు. రెండు మాటల్లోనూ నిజముంది. మన పత్రికల్లో ఏటా వాడే ‘విషజ్వరాలు’ అన్న పదం ఈ అయోమయానికి అద్దం. అధికారులు మలేరియా కాదంటారు, ఊరివాళ్లు జ్వరమే అంటారు, చివరికి ఆ పదం రెండు పక్షాలనూ తప్పిస్తుంది.

ఈ వాదంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మూడో సంగతి ఉంది. జ్వరం వచ్చి, ఒళ్లు పాలిపోయి, రెండు మూడు రోజుల్లో పోయిన పసివాడి కథ మలేరియాకు సరిపోతుంది. సికిల్ సెల్ జబ్బుకూ సరిపోతుంది. రెండూ కలిసి ఉన్న పిల్లవాడికి మరీ సరిపోతుంది. కెన్యా తీరంలో జరిగిన ఒక అధ్యయనం 2010లో ఇదే చూపింది. సికిల్ జబ్బున్న పిల్లల రక్తంలో మలేరియా క్రిమి తక్కువగానే కనబడింది, కానీ అది పట్టినవాళ్లలో మరణాలు చాలా ఎక్కువ. సికిల్ జన్యువు తిరిగే కొండల్లో ‘మలేరియా చావు’, ‘సికిల్ చావు’ అని రెండు డబ్బాలు పెట్టి లెక్కించడమే తప్పు ప్రశ్న కావచ్చు. ఆ ఇళ్లలో మిగిలిన తోబుట్టువుల రక్తం చూసి ఉంటే వాదం సగం తీరేది. నోటిమాటతో పాటు నెత్తుటి బొట్టు తీసుకోవాలన్న ఆలోచన ఆ అధ్యయన రూపంలోనే లేదు.

సికిల్: సాధువా, మొండిదా

నీలగిరి కొండ తెగల్లో సికిల్ లక్షణం ఉందని లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు 1952లో చూపారు. రెండేళ్లకు ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో మరో సంగతి తేల్చాడు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే జన్యువు వచ్చిన వాహకులకు మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. తీవ్ర మలేరియా ముప్పు వాళ్లలో దాదాపు పదో వంతుకు తగ్గుతుందని తర్వాతి అధ్యయనాలు లెక్కగట్టాయి. రక్త జబ్బులకూ మలేరియాకూ ఇలాంటి లంకె ఉండొచ్చని 1949లోనే ఊహించిన శాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్ చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి 1964లో అక్కడే పోయాడు. ఆయన ఊహకు పరీక్షాస్థలం కాదగిన కొండలు ఆయన ఇంటికి దూరమేమీ కాదు.

వాహకుల సంగతి అలా ఉండగా, ఇద్దరి నుంచీ జన్యువు వచ్చి జబ్బు పడినవారి విషయంలో మన దేశంలో రెండు బడులు తయారయ్యాయి. 1986లో ఒడిశా రోగుల మీద వచ్చిన అధ్యయనాలు ఇక్కడి సికిల్ ఆఫ్రికా సికిల్ కంటే మెతక అన్నాయి. ఇక్కడి జన్యువు వెంట అరబ్-ఇండియన్ అనే వరుస వస్తుంది. అది ఉన్నవారిలో, పుట్టకముందు ఉండే పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగులుతుంది, ఎర్రకణాలు కొడవళ్లలా వంగడాన్ని కొంత అడ్డుకుంటుంది. దానికి తోడు ఆల్ఫా థలసీమియా అనే మరో రక్త లక్షణం కూడా ఇక్కడి తెగల్లో మామూలే. నాగపూర్ వైద్యుల అనుభవం వేరు. పుట్టినప్పటి నుంచి వెంట ఉండి చూసిన పిల్లల్లో నొప్పి దాడులు, తీవ్ర రక్తహీనత, ప్లీహంలో రక్తం చిక్కుకుపోవడం తక్కువేమీ లేవని వాళ్లు రాశారు.

రెంటినీ పక్కపక్కన పెడితే రెండో బడి సాక్ష్యం గట్టిది. మొదటి అధ్యయనాలు ఆసుపత్రికి నడిచి వచ్చినవారిని చూశాయి. ఆసుపత్రికి నడిచి రావాలంటే ముందు బతికి ఉండాలి. డోలీ మోసుకుని వాగు దాటలేక ఇంట్లోనే పోయిన బిడ్డ ‘మెతక జబ్బు’ లెక్కలో పడదు. పుట్టినప్పుడే పరీక్షించి వెంట నడిచిన అధ్యయనం ఆ తప్పు చేయలేదు. అయితే నాగపూర్ నగరమూ, హుకుంపేట మండలమూ ఒకటి కావు. మలేరియా ఎక్కువగా తిరిగే కొండల్లో పుట్టినప్పటి నుంచి వెంట నడిచే అధ్యయనం ఇంకా కావాలి. ఆల్ఫా థలసీమియా, సికిల్ లక్షణం రెండూ కలిసి ఉన్నవారిలో మలేరియా రక్షణ దాదాపు కరిగిపోయిందని కెన్యాలో 2005లో తేలింది. మన తెగల్లో రెండూ ఉన్నాయి కాబట్టి, ‘వాహకులకు భయం లేదు’ అని శిబిరాల్లో చెప్పే మాటకు ఇక్కడి ఆధారం వెతకాల్సిందే.

చికిత్స దగ్గర వాదం తక్కువ. హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడుల్ని తగ్గిస్తుందని 1995లో అమెరికాలో రుజువైంది. ఆఫ్రికాలో నాలుగు దేశాల పిల్లల మీద జరిగిన రీచ్ పరీక్షలో మందు వేసుకున్నాక మలేరియా కూడా సగానికి తగ్గింది. ముందు-తర్వాత పోలిక మీద వచ్చిన ఫలితమిది, పక్కన మందు వేయని జట్టు లేదు. అయినా మన్యం లాంటి చోట మళ్లీ పరీక్షించి చూడదగిన సూచన. 2023 జూలై 1న షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. పరీక్ష అయ్యాక రంగు కార్డు ఇస్తారు. కార్డు చేతికొచ్చాక మందు నెలనెలా ఊళ్లోనే దొరుకుతుందా, రక్త కణాల లెక్క ఎవరు చూస్తారు అన్నదే అసలు చిక్కు.

ఇనుము గొడవ

కంచెల మధ్య నలిగిన ప్రశ్నలకు మంచి ఉదాహరణ ఇది. మన్యంలో ఆడవాళ్లు, పిల్లలు రక్తహీనతతో ఉన్నారన్నది ఎవరూ కాదనని మాట. పోషకాహార బడి దానికి చెప్పే మందు ఇనుము. ఐరన్ మాత్రలు, చివరికి రేషన్ బియ్యంలోనే ఇనుము కలపడం. 2021 ఆగస్టు 15న ప్రధాని చేసిన ప్రకటన తర్వాత బలవర్ధక బియ్యం దశలవారీగా అన్ని ప్రభుత్వ పథకాల్లోకి వచ్చింది. చోడి అంబలి తాగే ఇళ్లకూ అది చేరింది.

మలేరియా బడి జ్ఞాపకం వేరు. జాంజిబార్‌లోని పెంబా దీవిలో చిన్నపిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన పరీక్షలో ఆసుపత్రి పాలవడం, చనిపోవడం పెరిగాయని 2006లో తేలింది. మలేరియా వైద్యం అందుబాటులో లేని చోట అందరికీ ఇనుము పోయకండని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ తర్వాత హెచ్చరించింది. సికిల్ బడి భయం ఇంకోటి. పదేపదే రక్తం ఎక్కించుకున్న రోగుల ఒంట్లో ఇనుము ముందే పేరుకుని ఉంటుంది. ఇనుము కలిపిన ఆహారం సికిల్ రోగులు తినరాదని 2018 నాటి ఆహార ప్రమాణాల నిబంధన సంచి మీద రాయించింది. గిరిజన ప్రాంతాల్లో ఆ సంచి చదివే అవకాశం ఎవరికుందని, తినకపోతే బదులు ఏమిస్తారని కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2024లో నిపుణుల కమిటీ మాట మీద కేంద్రం ఆ హెచ్చరికనే తీసేసింది.

బియ్యం గింజలో కలిపే ఇనుము పెంబాలో ఇచ్చిన మోతాదు కంటే చాలా తక్కువ, రక్తం ఎక్కించుకోని సికిల్ రోగుల్లో కొందరికి నిజంగానే ఇనుము తక్కువగా ఉంటుంది అని కమిటీ వైపు నుంచి వచ్చే వాదం తీసిపారేయదగింది కాదు. భయాన్ని పెంచి చెప్పినవాళ్లూ ఉన్నారు. కానీ రెండు పక్షాలూ ఒకే లోటు మీద నిలబడి పోట్లాడాయి. మలేరియా, సికిల్, రక్తహీనత మూడూ ఉన్న పల్లెల్లో, మూడు పరీక్షలూ చేసిన పిల్లల్లో ఇనుము ఏం చేస్తుందన్న నేరుగా వచ్చిన సాక్ష్యం ఎవరి చేతిలోనూ సరిపడా లేదు. రక్తహీనతకు కారణం ఇనుము లోటేనా, క్రిమి ఎర్రకణాల్ని తినేయడమా, పేగుల్లో కొంకిపురుగులా, సికిలా అన్నది తెలియకుండా హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే చూసి మాత్ర ఇచ్చే పద్ధతి ఎన్నాళ్లయినా ఈ గొడవను తేల్చదు.

14 రోజుల మాత్ర

వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ తిరగబెడుతుంది. దాన్ని అక్కడ చంపేందుకు వాడుతూ వచ్చిన మందు ప్రైమాక్విన్, 14 రోజులు మింగాలి. జీ6పీడీ లోపం ఉన్నవారిలో ఈ మందు ఎర్రకణాల్ని పగలగొడుతుందని 1956 నుంచి తెలుసు. ఆ లోపం కూడా మలేరియా ప్రాంతాల్లోనే ఎక్కువగా ఉండే లక్షణం. భారత గిరిజనుల్లో దాని ప్రధాన రూపానికి పరిశోధకులు 1995లో పెట్టిన పేరే ‘జీ6పీడీ ఒడిశా’. పరీక్ష లేకుండా మందు ఇస్తే కొందరికి ప్రమాదం. పరీక్ష వచ్చేదాకా ఆపితే జ్వరం తిరగబెట్టి రక్తహీనత ముదురుతుంది. జ్వరం రెండో రోజుకే దిగిపోతే, వారపు సంతకు పోయేవాడు పదో రోజు మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టం. ఒక్క మోతాదుతో పని ముగించే టాఫెనోక్విన్ 2018లో అమెరికాలో అనుమతి పొందింది గానీ, దానికి జీ6పీడీ స్థాయిని కొలిచే యంత్రం తప్పనిసరి. కాబట్టి సులువైన మందు కూడా నాలుగో పరీక్ష దగ్గరికే తీసుకొచ్చి నిలబెడుతుంది.

వచ్చే అభ్యంతరాలు

ఒక్కో జబ్బు మీద గురిపెట్టడం వల్లే మలేరియా ఇంత తగ్గింది, అన్నీ కలిపితే ఏదీ జరగదని కార్యక్రమాలు నడిపేవారు అంటారు. గురి మంచిదే. కానీ వాళ్లు చూపే దమన్ శిబిరాల్లోనే మలేరియాతో పాటు గర్భిణుల, పిల్లల ఆరోగ్యం, పోషణ కూడా చూశారు. పల్లెకు ఒకసారి వెళ్లినప్పుడే నాలుగు పనులు చేయడం అక్కడ భారం కాలేదు. దారిలేని చోటికి నాలుగుసార్లు వెళ్లడమే ఖర్చు.

ఆఫ్రికాలో తేలినదాన్ని ఇక్కడ మళ్లీ తేల్చాలా అన్నది రెండో ప్రశ్న. పైన చెప్పినవాటిలో పెంబా, కెన్యా, రీచ్ అన్నీ అక్కడివే. అక్కడి మలేరియా దాదాపు అంతా ఫాల్సిపారం, ఏడాది పొడుగునా కుట్టే దోమ, వేరే సికిల్ వరుస. ఇక్కడ వైవాక్స్ కూడా ఉంది, జ్వరం కాలాన్నిబట్టి వస్తుంది, పిండ హిమోగ్లోబిన్ ఎక్కువ. ఆ ఫలితాలు దారి చూపుతాయి, మోతాదు చెప్పవు.

మూడోది బరువైన అభ్యంతరం: గిరిజనుల మీద ఇంకా పరిశోధనలా? ఆ కోపానికి కారణం దగ్గర్లోనే ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం సహా మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన అధ్యయనం అది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ తేల్చలేదు. అనుమతి పత్రాల సంగతి మాత్రం బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల వార్డెన్లు సంతకం చేశారు, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద తీవ్రంగా రాసింది. టీకా సురక్షితమైనదే అయినా, బిడ్డ ఒంటి మీద నిర్ణయం తల్లిదండ్రుల చేతిలోంచి జారిపోయింది.

నాలుగు పరీక్షల్ని ఒక్క బొట్టులో కలపాలన్న వాదానికి ఈ అభ్యంతరం అడ్డుపడదు గానీ, దాని మీద షరతు పెడుతుంది. మలేరియా ఫలితం వారంలో మరుపునపడుతుంది. సికిల్ ఫలితం జీవితాంతం వెంట ఉంటుంది, పెళ్లి మాటల దగ్గరా లేస్తుంది. జీ6పీడీ ఫలితం అప్పటికి ఏ జబ్బూ లేనివాడికి జీవితకాలపు హెచ్చరిక. మూడింటికీ ఒకే వేలిముద్ర చాలుతుందా? అనంతగిరిలోనో ముంచంగిపుట్టులోనో ఇంట్లో కువి మాట్లాడి, సంతలో ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లికి తెలుగు అచ్చుపత్రం చదివి వినిపిస్తే అది చెప్పినట్టా? పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ తయారయ్యే అధ్యయనాల్లో మొదటి పేజీ మీద జబ్బు పేరు కంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు ఉంటుందా, ఆ రంగు కార్డు అర్థం ఆ తల్లికి ఆమె భాషలో ఎవరు చెబుతారు, వద్దంటే రాసుకునే గడి ఏ రిజిస్టరులో ఉంది అన్నవి ఇంకా తేలాలి.